రంగు తీసేసిన ఫోటో

మా వైపు మనిషి ఫోటోలోంచి రంగు తీసేస్తే దానికి ఒకటే అర్థం. నూజివీడు బస్టాండు దగ్గర కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు చూడండి, వాట్సాప్ స్టేటస్‌లు చూడండి. నిన్నటిదాకా ఎర్రచొక్కాలో నవ్విన మనిషి ఇవాళ బూడిద రంగులో నవ్వుతుంటాడు. కింద ఏం రాశారో చదవక్కర్లేదు. ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచి నాకు తెలుసు. తెలిసీ మా తమ్ముడి ఫోటో ఒకటి నలుపు తెలుపులో పెట్టాను. ఎందుకు పెట్టావని ఇప్పటికీ అడుగుతుంటారు. బాగుంది కాబట్టి పెట్టాను. ఆ ఫోటో బాగుంది, ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను.

మా నాన్నగారు నూజివీడు దగ్గర ఒక మామిడితోటల ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి అర్చకులు. గుడి గోడని ఆనుకుని దేవస్థానం వాళ్ళు కట్టించిన రెండు గదుల డాబాలో ఉంటాం. నేను నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు, ముక్కు మీద కోపం. ఈ మూడింటికీ ఏదో సంబంధం ఉందని మా చుట్టాల అనుమానం. ఉంటే ఉండనీ.

తమ్ముడు నాకంటే బాగా చిన్న. ఒడుగు అయిన దగ్గర్నుంచి నాన్నగారు వాణ్ణి పక్కన నిలబెట్టుకుని అర్చన నేర్పించారు. మంచి గొంతు. పండగ రోజుల్లో వాడు మంత్రపుష్పం చెబుతుంటే తోటలకు వెళ్ళేవాళ్ళు కూడా ఆగి విని వెళ్ళేవారు. తన తర్వాత గుడికి దిగులు లేదని నాన్నగారు నిశ్చింతగా ఉన్నారు. వాడు డిగ్రీకి విశాఖపట్నం వెళ్ళాడు. అక్కడ బీచ్‌లో, బోర్డు మీద నిలబడి అలల మీద జారే వాళ్ళని చూశాడు. డిగ్రీ అయితే అయింది కానీ వాడు తిరిగి రాలేదు. సర్ఫింగ్ నేర్చుకుని, తర్వాత వచ్చినవాళ్ళకి నేర్పుతూ అక్కడే ఉండిపోయాడు.

నాన్నగారికి ఇది రెండు చోట్ల తగిలింది. ఒకటి గుడి, రెండోది సముద్రం. సముద్రాన్ని చూసి దణ్ణం పెట్టుకోవాలే తప్ప, పర్వదినాల్లో కాకుండా ముట్టుకోకూడదని ఆయన పట్టు. మాఘ పౌర్ణమి స్నానానికి బందరు వెళ్ళినప్పుడు తప్ప ఆయన ఉప్పునీళ్ళు తాకి ఎరగరు. అలాంటి మనిషి కొడుకు రోజూ పొద్దున్నే లేచి సముద్రం మీద కాళ్ళు పెట్టి నిలబడుతున్నాడు. "సముద్రాన్ని కాళ్ళతో తొక్కేవాడు స్వామిని ముట్టుకోవడానికి పనికిరాడు" అన్నారు నాన్నగారు. వాడూ తక్కువవాడు కాదు. "మీరు రమ్మన్నా రాను" అన్నాడు. ఇదంతా వాడు ఒక పండక్కి ఊరికి వచ్చినప్పుడు, గుడి మంటపంలో, నలుగురి ముందు. "నాకు కొడుకు లేడు. ఈ గుడికి నాతో సరి" అనేసి నాన్నగారు లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఇంట్లో వాడి పేరు ఎత్తకూడదు. అమ్మ వాడితో మాట్లాడాలంటే పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి గొంతు తగ్గించి మాట్లాడేది. నాన్నగారికి ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండేవారు. ఇల్లు అంత చిన్నది కాబట్టి, తెలియనట్టు ఉండటానికి ఆయన కూడా బాగానే కష్టపడాల్సి వచ్చేది.

కెమెరా కొన్నది వీళ్ళిద్దర్నీ కలపడానికే అని చెబితే గొప్పగా ఉంటుంది కానీ, సగం నా సరదాకే కొన్నాను. స్కూలు వార్షికోత్సవాలకి ఫోటోలు తీస్తూ మోజు పడ్డాను. ఎవరో వాడి వదిలేసిన కెమెరా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు కొనుక్కున్నాను. సెలవులు దొరికితే చాలు విశాఖపట్నం బస్సెక్కేదాన్ని. తమ్ముడినీ వాడి స్నేహితుల్నీ, వాళ్ళు ఎక్కే అలల్నీ తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో నా పేజీలో పెట్టేదాన్ని. నాన్నగారు ఎప్పటికైనా ఒక్కటి చూస్తారని, చూస్తే వాడు చేస్తున్నది తొక్కడం కాదని ఆయనకే తెలుస్తుందని నా ఆశ. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఎంతోమంది నా ఫోటోలు చూసి మెచ్చుకునేవారు. చూడాల్సిన ఒక్క మనిషి మాత్రం ఫోన్లో పంచాంగం తప్ప మరొకటి తెరిచేవారు కాదు.

అలల్ని తీయడానికి ఓపిక కావాలి. నాకు లేనిది అదే. ఒడ్డున నిలబడి చూస్తే అలలు వరసగా వస్తున్నట్టే ఉంటాయి కానీ, సర్ఫింగ్‌కి పనికొచ్చే పెద్దవి గుంపుగా వస్తాయి. అవి వెళ్ళాక చాలాసేపు ఏమీ ఉండదు. ఆ ఖాళీలో సర్ఫర్లు లోపల బోర్డుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. నేను ఇసకలో ట్రైపాడ్ పక్కన చెమటలు కక్కుతూ అందర్నీ పేరుపేరునా తిట్టుకుంటాను. అల లేచినప్పుడు కూడా అలని చూస్తే ఫోటో రాదు, మనిషి భుజాలు చూడాలి. తమ్ముడు రెండు చేతులూ బోర్డుకి ఆనించి ఒక్క ఊపున లేస్తాడు. లేచే ముందు తల కొంచెం వంచుతాడు. గర్భగుడి గుమ్మం కిందికి ఉంటుంది కాబట్టి నాన్నగారు లోపలికి వెళ్ళేటప్పుడు అచ్చం అలాగే వంచుతారు. ఈ మాట తమ్ముడితో అంటే నవ్వి, ఆ పూటంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇన్నిసార్లు వెళ్ళినా నేను మాత్రం నీళ్ళలో కాలు పెట్టలేదు. నాన్నగారి మాట మీద గౌరవమో, లెన్సు తడుస్తుందన్న భయమో. రెండూ అనుకోండి.

ఆ వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం బాగా మబ్బు పట్టింది. నీళ్ళు బురద రంగులో ఉన్నాయి. ఈ పూటకి ఇంతే అనుకుంటుంటే వాడి తల కంటే ఎత్తుగా ఒక అల లేచి వంగింది. దాని కింద వాడు. ముఖం స్పష్టంగా పడింది. రంగులో చూస్తే మురికికాలవ పక్కన తీసినట్టుంది కానీ, రంగు తీసేయగానే ఫోటోకి ప్రాణం వచ్చింది. నురగ తెల్లగా, అల వెనక భాగం నల్లగా, ఆ రెంటి మధ్య వాడి కళ్ళు. భయం లేని కళ్ళు. కింద ఏమీ రాయకుండా పేజీలో పెట్టాను. ఫోటోయే చెబుతుంటే మధ్యలో నా మాటలెందుకని. తర్వాత తమ్ముడితో కలిసి దోశ తిని, ఊరికి బస్సెక్కి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి నిద్రపోయాను.

తెల్లారి హనుమాన్ జంక్షన్‌లో దిగి టీ చెప్పి ఫోన్ తీస్తే, అమ్మ, చింతలపూడి బాబాయి, పిన్నులు, ఎవరెవరివో మిస్డ్ కాల్స్. చుట్టాల వాట్సాప్ గ్రూపు తెరిచాను. నా ఫోటో అక్కడుంది. చింతలపూడి బాబాయి నాన్నగారి పినతండ్రి కొడుకు. పొద్దున్నే లేచి నా పేజీ చూసి, ఆ ఫోటో గ్రూపులో పెట్టి, "ఎప్పుడు జరిగింది ఇది?" అని అడిగాడు. దాని కింద ఎవరో "ఓం శాంతి" అన్నారు. ఇంక చూసుకోండి. ఓం శాంతి కింద ఓం శాంతి, చేతులు జోడించిన బొమ్మలు. సముద్రంతో ఆటలొద్దని ఎంత చెప్పినా విన్నాడు కాదని ఒక పెద్దమనిషి బాధపడ్డారు. ఆయన జన్మలో ఒక్కసారి కూడా మావాడితో మాట్లాడి ఉండరు.

నవ్వొచ్చిందంటే నమ్ముతారో లేదో, ముందు నవ్వే వచ్చింది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. వీళ్ళకి నా ఫోటో కాకుండా ఇంకేమైనా తెలిసిందా? నేను వాణ్ణి వదిలి వచ్చింది నిన్న. వాడు వెలుగు రాగానే నీళ్ళలోకి దిగుతాడు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నేను తీసిన ఫోటోని నేనే మళ్ళీ చూశాను, ఈసారి వాళ్ళ కళ్ళతో. బూడిద రంగు ముఖం, మీద పడబోతున్న నల్లటి అల.  టీ అక్కడే వదిలేసి నూజివీడు బస్సెక్కాను.

మామిడికాయల లారీ ఏదో అడ్డం తిరిగి బస్సు దారిలో ఆగిపోయింది. అప్పుడు తమ్ముడు ఫోన్ ఎత్తాడు.

"ఏంటక్కా ఇన్నిసార్లు చేశావ్? నీళ్ళల్లో ఉన్నా."

బస్సులో అందరూ తిరిగి చూసేలా వాణ్ణి తిట్టాను. నోటికి ఏదొస్తే అది అన్నాను. నా తిట్లు అయ్యేదాకా ఆగి, సంగతి విని, పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలో ఆపి, "నాన్నగారికి తెలిసిందా?" అన్నాడు. ఏమో నాకు తెలియదన్నాను. అమ్మకి చేస్తే ఎత్తడం లేదు.

ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. లోపల అమ్మ నేల మీద పడుకుని ఉంది, పక్కన ఎవరో విసురుతున్నారు. నాన్నగారు బయట అరుగు మీద గోడ వైపు తిరిగి కూర్చున్నారు. కట్టుకున్న పంచె మీదే నీళ్ళు పోసుకున్నారు, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చావు కబురు వింటే మావాళ్ళు చేసే స్నానం అది.

"బతికే ఉన్నాడు. ఇప్పుడే మాట్లాడాను. దోమ కూడా కుట్టలేదు" అని అరిచాను.

అమ్మ లేచి నన్ను పట్టుకుని ఏడ్చింది. నాన్నగారు మాత్రం కదల్లేదు. వీడియో కాల్ చేస్తానంటే వద్దని చెయ్యి ఊపారు. అప్పటికప్పుడు తమ్ముడి చేత ఒక ఫోటో తీయించి పంపించుకున్నాను. ఎండకి కళ్ళు చికిలించి, తడి జుట్టుతో, పసుపు రంగు చొక్కాలో బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ నాన్నగారి ముందు పట్టుకున్నాను. ఆయన చాలాసేపు చూశారు. తన చేత్తో ఆ ఫోన్ తాకలేదు.

అప్పుడు నెమ్మదిగా అమ్మ చెప్పింది. ఆ రోజు రోహిణి నక్షత్రం, స్వామికి అభిషేకం. నాన్నగారు గర్భగుడిలో పాలు పోస్తున్నారు. బాబాయి ఫోన్ రాగానే అమ్మ పరుగెత్తుకుంటూ గుడికి వెళ్ళి గడప దగ్గర పడిపోయింది. నోట మాట రాక ఫోన్ ఎత్తి చూపించింది. ఆయన లోపలి నుంచే ఆ ఫోటో చూశారు. చెంబు కింద పెట్టారు. బయటికి వచ్చేశారు.

ఇది వినేవాళ్ళకి చిన్నదిగా అనిపించవచ్చు. మా ఇంట్లో పుట్టినవాళ్ళకి కాదు. నాకు తెలిసి ఆయన అర్చన ఎప్పుడూ మధ్యలో ఆపలేదు, నూటమూడు జ్వరంలో కూడా. అర్చకుడికి మైల వస్తే స్వామిని ముట్టుకోకూడదు, నిజమే. కొడుకు పోతే మైల. కానీ ఆయనకి కొడుకు లేడు కదా! నలుగురి ముందూ ఆయనే చెప్పారు కదా! ఆ పొద్దున నాకు కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, భయం దిగాక వచ్చే కోపం కావచ్చు. అరుగు దగ్గరికి వెళ్ళి అడిగేశాను.

"కొడుకు లేడన్నారుగా నాన్నగారూ. మరి మైల ఎవరిది?"

ఆడవాళ్ళందరూ నోరు నొక్కుకున్నారు. నాన్నగారు నా వైపు చూడలేదు.

"నోటితో అన్నది చెల్లదమ్మా" అన్నారు.

తర్వాత లేచి మళ్ళీ స్నానం చేసి గుడిలోకి వెళ్ళారు. జరిగిన లోపానికి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు, ఆ రోజంతా ఏమీ తినలేదు. తప్పుడు కబురు వచ్చింది కాబట్టి పిల్లాడికి ఆయుష్షు పెరుగుతుందని చుట్టాలు ఫోన్లు చేసి చెప్పారు. ఓం శాంతి పెట్టినవాళ్ళే. ఊళ్ళో కొందరు మాత్రం ఇంకోలా అనుకున్నారు. స్వామిని పాలతో తడిపి అలాగే వదిలేశారటగా, ఫోటో చూసి లేచొచ్చేశారటగా అని. ఆ మాటలు నాన్నగారి చెవిన పడ్డాయి. ఆయన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు కానీ, మనిషి లోపల్లోపల కుంగిపోయారు. గుడిలో గంట మోగించే తీరులోనే తేడా తెలిసేది.

మర్నాడు పొద్దున స్నానం చేసి, మడి కట్టుకుని, తాళంచెవి పట్టుకుని గుడికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు.

"అమ్మాయ్, ఇవాళ్టి ఫోటో వచ్చిందా?"

నాకు అర్థం కాలేదు.

"లోపలికి వెళ్ళాక మధ్యలో రాకూడదు. వెళ్ళే ముందే తెలియాలి" అన్నారు. మళ్ళీ తనే, "రంగులో ఉన్నది" అన్నారు.

అలా మొదలైంది. మడిలో ఉన్న మనిషి ఫోన్ ముట్టుకోరు కాబట్టి నేను ఎదురుగా నిలబడి పట్టుకోవాలి. ఆయన చూసి తల ఊపి వెళ్ళాలి. అప్పుడే గుడి తలుపు తెరుచుకుంటుంది. ఫోన్ చేసి కనుక్కుంటాను, అమ్మ మాట్లాడుతుంది, అది చాలదా అంటే చాలదు. మాట మీద ఆయనకి నమ్మకం పోయింది. తానే ఫోన్ చేయవచ్చు కదా అంటే వినబడనట్టు ఉండేవారు.

తమ్ముడికి చెప్పాను. 

"నిజంగా మధ్యలో లేచొచ్చేశారా?"

"అవును."

"నైవేద్యం కూడా పెట్టకుండానా?"

"అభిషేకమే పూర్తి కాలేదంటుంటే నైవేద్యం అంటావేంట్రా."

వాడు మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. అడిగిన ప్రతిసారీ వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది. "అయితే ఒకసారి ఆయనకి నువ్వే ఫోన్ చెయ్యరా" అన్నాను. "ఎత్తుతారా?" అన్నాడు. "నాకేం తెలుసు" అన్నాను. "ఎత్తకపోతే?" అన్నాడు. 

నేను రోజూ అక్కడ ఉండను కాబట్టి, వాడి దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఎవరో ఒకరు పొద్దున్నే ఫోన్‌తో తీసి పంపేవారు. వాటిని నా పేజీలో పెట్టాల్సి వచ్చేది. ఆ పేజీని తన ఫోన్లో తెరిచి చూసుకుంటేనే అమ్మకి తృప్తి. ఆ ఫోటోల గురించి ఏం చెప్పను! సముద్రం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. తమ్ముడు మూలన చీమంత. ఒకదాంట్లో తీసినవాడి బొటనవేలు. ఎండలో నిలబడి ఏళ్ళ తరబడి పెంచుకున్న నా పేజీ వాడి హాజరుపట్టీ అయిపోయింది. అంతకుముందు మెచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మీ ఫోటోలకి ఏమైందని ఒకాయన అడిగితే ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఇంట్లో ఇద్దరు మొండివాళ్ళ మధ్య నేనెందుకు నలగాలని ఏడుపొచ్చేది. కానీ ఒక్క పొద్దున ఆలస్యమైతే నాకే ఊపిరాడేది కాదు. ఫోటో రాగానే ముందు చూసేది నేనే కదా.

నాన్నగారు మాత్రం ఆ ఫోటోల్ని శ్రద్ధగా చూసేవారు. మొదట్లో వాడు ఉన్నాడా లేడా అని చూసి వెళ్ళిపోయేవారు. తర్వాత్తర్వాత నిలబడటం మొదలుపెట్టారు. "ఇవాళ నీళ్ళు మట్టిగా ఉన్నాయేంటి?" అనేవారు. "చిక్కిపోయాడు" అనేవారు. ఒకరోజు, "తల వంచి లేస్తున్నాడు" అన్నారు.  ఇంకేమీ అనకుండా గుడికి వెళ్ళిపోయారు.

సెలవులు ఇంకా అయిపోలేదు. తోటల్లో రసాలు కోతకొచ్చి ఉన్నాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. తమ్ముడికి ఫోన్ చేసి, ఈ నాలుగు రోజులు నీళ్ళలోకి దిగొద్దని చెప్పాను.

"ఇలాంటప్పుడే అలలు బాగుంటాయక్కా" అన్నాడు.

"చంపుతాను" అన్నాను.

"అది ఆల్రెడీ ఒకసారి చేశావుగా" అని నవ్వాడు. ఈ మాటలు నేను ఇంట్లో చెప్పలేదు.

ఆ రాత్రంతా గాలి. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్లో నెట్ లేదు. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. తమ్ముడికి చేస్తే స్విచాఫ్. డాబా మీదికెక్కి చూస్తే చుట్టూ తోటల్లో చెట్ల మీద కాయ కనబడటం లేదు, నేలంతా కాయలే. వర్షం ఇంకా పడుతోంది. కిందికి వచ్చేసరికి నాన్నగారు మడి బట్టతో, తాళంచెవితో గుడి మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

అడగలేదు. నా ముఖం చూశారంతే.

జనం రావడం మొదలైంది. తోట కౌలుకి తీసుకున్న మొగుడూ పెళ్ళాం గొడుగు కూడా లేకుండా వచ్చారు. రాత్రంతా నిద్రపోయినట్టు లేరు. రాలిన కాయల్లో నాలుగు ఏరి స్వామికని బుట్టలో పెట్టుకొచ్చారు. ఇంకో ఇద్దరు ముగ్గురు రైతులు వచ్చి చూరు కింద నిలబడ్డారు.

"అయ్యగారూ, తలుపు తియ్యండి. దణ్ణం పెట్టుకుని తోటకి పోవాలండీ" అన్నాడు ఆ కౌలు రైతు.

"కొంచెం ఆగు నాయనా."

"కాయంతా నేల మీదే ఉందండీ. నానిపోతే ఎవడూ కొనడు."

 నాన్నగారు తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఆ రైతు భార్య నా వైపు చూసింది, ఏం జరిగింది అన్నట్టు. వాళ్ళ సంవత్సరం పంట నేల పాలైంది, వాళ్ళకి దేవుడు కావాలి. మా నాన్నగారికి కొడుకు ఉన్నాడో లేడో తెలియాలి. ఇంటికీ మెట్లకీ మధ్య వర్షంలో తిరుగుతూ ఫోన్ నొక్కుతూనే ఉన్నాను. లోపల ఒకటే మాట తిరుగుతోంది. ఇలాంటప్పుడే అలలు బాగుంటాయక్కా. ఈసారి నిజంగా వాడు లేకపోతే ఈయనకి ఆ సంగతి ఎలా చూపించాలి, ఏ ఫోటో చూపించాలి?

చివరికి నేను తట్టుకోలేకపోయాను. ఫోన్లో పాత ఫోటోలు చాలా ఉన్నాయి, పేజీలో పెట్టనివి. వాటిలో నేనే తీసినది ఒకటి వెతికి, మెట్ల దగ్గరికి వెళ్ళి, ఇప్పుడే వచ్చింది అని ఆయన ముందు పట్టుకున్నాను. జనం హమ్మయ్య అనుకున్నారు. నాన్నగారు ముందుకి వంగి చూశారు. ఎప్పటిలాగే చాలాసేపు చూశారు.

"ఇవాళ్టిది కాదమ్మా. నీళ్ళ మీద ఎండ ఉంది" అన్నారు.

కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నేను అక్కడే, అంతమంది ముందు, మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. తలుపు తియ్యమని ఇంకెవరూ అడగలేదు. ఆ రైతు భార్య బుట్ట కింద పెట్టి తను కూడా చూరు కింద గోడకి ఆనుకుని కూర్చుంది.

అప్పుడు నా చేతిలో ఫోన్ మోగింది. ఏదో తెలియని నంబరు. పచ్చబొత్తం నొక్కి చెవి దగ్గర పెట్టుకునేలోపు నాన్నగారు చెయ్యి చాపారు. మడిలో ఉన్నారని గుర్తుచేయబోయాను. నా చేతిలోంచి తీసేసుకున్నారు.

"అక్కా, కరెంటు లేదు ఇక్కడ, నా ఫోన్ చచ్చిపోయింది, పక్కవాళ్ళది అడుక్కుని చేస్తున్నా. దిగలేదులే, ఒడ్డునే ఉన్నా. అక్కా? వినబడుతోందా?" వాడు గాలిలో అరుస్తున్నాడు. మాకందరికీ వినబడుతోంది.

 ఫోన్‌ని నాన్నగారు రెండు చేతులతో పట్టుకున్నారు.

"గుడి తలుపు తియ్యొచ్చా?" అన్నారు.

అవతల గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కాల్ పోయిందేమో అనుకున్నాను.

"తియ్యండి నాన్నగారూ" అన్నాడు వాడు.